రొట్టెల అంగడి కాడ ఎడమకు

సాన్ పియేర్ అని ఒక ఊరుంది. ధర్మవరంలో ఎవరికీ దాని గొడవ పట్టదు, పట్టాల్సిన పనీ లేదు. కెనడా ఒడ్డుకు దగ్గర్లో, అట్లాంటిక్ సముద్రంలో, రాయీ గాలీ పొగమంచూ తప్ప పెద్దగా ఏమీ లేని ఒక దీవి మీద ఉంటుంది. ఏలేది ఫ్రాన్సు, మాట్లాడేది ఫ్రెంచి. ఊరి జనమంతా బయలుదేరి వచ్చినా మన నేసేవాళ్ళ పేటలో ఒక మూల నిండదు. అలాంటి ఊళ్ళో పోస్టాఫీసు ఎక్కడ, చర్చికి ఎటు పోవాలి, రొట్టెల అంగడి ఏ మలుపులో ఉంది అని అడిగితే తడుముకోకుండా చెప్పే మనిషి ధర్మవరంలో ఒకామె ఉంది. ఆమె పేరు రామక్క. చదివింది ఏడో తరగతి.

రామక్కది పెనుకొండ. వాళ్ళ నాయనకు బస్టాండు దగ్గర టీ అంగడి ఉండేది. ఆ ఇంట్లో మగ్గమూ లేదు, పట్టుపోగూ లేదు. అంగడి ముందు ఆగే బస్సుల బోర్డులు చదువుతూ పెరిగిన పిల్ల ఆమె. మడకశిర, హిందూపురం, కదిరి, బెంగళూరు అని చదవడమే గానీ ఎక్కింది తక్కువ. ఈడు రాగానే ధర్మవరంలో నేతపని చేసే సంజీవప్పకు ఇచ్చి చేశారు. పెళ్ళయి నెల తిరగకముందే అత్త ఆమెను పిలిచి, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న సంజీవప్పకు కుడిపక్కన పీట వేసి, చేతికి నాడె ఇచ్చింది. నాడె అంటే పేక దారాన్ని పడుగు మధ్యలో అటూ ఇటూ మోసుకుపోయేది. అది మొదలు ఇప్పటిదాకా ఆ పీట మీది నుంచి రామక్క లేచింది కాన్పులకూ, జ్వరాలకూ, మగ్గం ఆపే అమావాస్యలకూ మాత్రమే.

ఎందుకంటే ఆ ఇంట్లో నేసేది కుట్టు అంచు చీర. చీర ఒళ్ళు ఒక రంగు, అంచు ఇంకో రంగు. ఒక రంగు ఇంకోదాన్లోకి పోకుండా, రెండూ విడిపోకుండా, పోగు పోగుకూ ముడిపడుతూ పోవాలి. ఒళ్ళుకు ఒక నాడె, రెండు అంచులకూ రెండు. మూడు నాడెలు ఒక మనిషి చేతుల్లో ఆడవు. ఎడమ అంచూ ఒళ్ళూ మగ్గంలో కూర్చున్నవాడివి, కుడి అంచు పక్కన కూర్చున్న మనిషిది. ఆ మనిషి లేచిందా, మగ్గం ఆగుతుంది. ధర్మవరంలో పాలు తాగే పిల్లలు తప్ప అందరూ ఎరిగిన సంగతే ఇది. అయినా ఎవరొచ్చి ఎంతమంది నేస్తారని అడిగినా మగ్గానికి ఒకరు అనే చెబుతారు. చేనేత సొసైటీవాళ్ళు లెక్క వేసేదీ అంతే, ఇంట్లో మొగాళ్ళు చెప్పేదీ అంతే. రామక్కను అడిగినా అంతే: "మా ఆయన నేస్తాడు. నేను ఊరికే పక్కన నాడె ఏస్తా." ముప్పై ఏళ్ళుగా ఊరికే.

పోయిన ఏడాది బెంగళూరు నుంచి ప్రమోద అనే ఆమె వచ్చింది. పుట్టింది హిందూపురంలో, బట్టల అంగడివాళ్ళ అమ్మాయి. ఇప్పుడు చేనేతను పై దేశాలకు చూపించే ఒక సంస్థలో పని. మంచి మనిషి. చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వచ్చింది, ఇచ్చిన కాఫీ వంక పెట్టకుండా తాగింది. మగ్గాన్ని వీడియో తీస్తూ, "అమ్మా, ఏమీ అనుకోవద్దు, మీరు కొంచెం పక్కకు జరుగుతారా, అడ్డం వస్తున్నారు" అంది. రామక్క జరిగింది. చెయ్యి అందినంత దూరం జరిగి, అక్కడి నుంచే నాడె వేసింది. అందుకని ఆ వీడియోలో సంజీవప్ప నిండుగా ఉంటాడు. ఎర్ర గాజుల చెయ్యి ఒకటి మాత్రం పక్కనుంచి వచ్చి వచ్చి పోతుంటుంది.

ఆ వీడియో ఎవరెవరి ఫోన్లలోనో తిరిగి తిరిగి సాన్ పియేర్ చేరింది. అక్కడ లేసు అల్లుకునే ఆడవాళ్ళ సంఘం ఒకటి ఉందట. ఆగస్టులో, మా ఎండాకాలంలో, మా ఊళ్ళో వేడుక జరుగుతుంది, ఈ నేతగాణ్ణి పంపండి, మా హాల్లో కూర్చొని నేసి చూపిస్తాడు, రానూపోనూ ఖర్చు మాది అని కబురు పెట్టారు. ఒక నేతగాడికి. ప్రమోద ఫోన్ చేసి ఈ సంగతి చెప్పినప్పుడు సంజీవప్ప స్పీకరు పెట్టాడు. రామక్క చేతిలో నాడె చేతిలోనే నిలిచిపోయింది. ఒక్కరికేనా మేడం అని అడుగుతాడని ఆమె చూసింది. ఆయన "సరే మేడం, వస్తా" అన్నాడు.

రామక్కకు పోవాలని ఉండింది. ఇందులో దాచేదేమీ లేదు. బస్సుల మీద పేర్లు చదివి చదివి ఆగిపోయిన మనిషికి, ఒక్క పేరైనా దగ్గరికెళ్ళి చూడాలని ఉండదా? పైగా వాళ్ళు చూసి ముచ్చటపడిన చీరలో సగం పని ఆమెది. కానీ తనంతట తాను అడగడం ఆమెకు ఇష్టం లేదు. ఆయన నోటినుంచి రావాలి. మేమిద్దరం నేస్తాం మేడం అని ఒక్క మాట. దానికోసం కాచుకుంది. చేతులు కట్టుకొని కాచుకునే రకం కాదు గనక, ఈలోపల ప్రయాణానికి ఏర్పాట్లు మొదలుపెట్టింది.

హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు దగ్గర ఆమె తమ్ముడు ధనుంజయకు ఆన్‌లైన్ సెంటరు ఉంది. ఆధార్లు, పాస్‌పోర్టులు, రైలు టికెట్లు అన్నీ చేసిపెడతాడు. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ రైలెక్కి అక్కడికి పోయారు.

"ఇది ప్యారిస్ కాదు బావా" అన్నాడు ధనుంజయ, కంప్యూటరులో చూస్తూ. "ప్యారిస్‌లో దిగి, మళ్ళా ఇంకో విమానం ఎక్కి సముద్రం దాటల్ల. కెనడా మీదుగా పోతే దాని వీసా ఇంకొకటి. ఎండాకాలంలో అయితే ప్యారిస్ నుంచి నేరుగా ఉండాది. అదే పట్టుకుందాం."

"ఏదో ఒకటి చెయ్యప్పా. నాకేం తెలుస్తాది" అన్నాడు సంజీవప్ప.

ఆయన ఫోటో తీయడం అయ్యాక ధనుంజయ అక్కవైపు తిరిగాడు. "అక్కా, ఎట్లాగూ వచ్చినావు కదా. నువ్వూ ఒక పాస్‌పోర్టు చేసుకో."

రామక్క మొగుడివైపు చూసింది. ఆయన బయట పట్టుగూళ్ళ సంచులు దింపుతున్న ఆటోను చూస్తున్నాడు. "చేసుకోనీలే, ఎప్పుడన్నా పనికొస్తాది" అన్నాడు అటు చూస్తూనే. ఆమె కొంగు సర్దుకొని కుర్చీలో కూర్చుంది. కొన్నాళ్ళకు విచారణకని ఇంటికొచ్చిన పోలీసాయన, "నువ్వు యాడికి పోతాండావమ్మా?" అని అడిగితే, "యాడికీ లేదు సార్" అంది. మరి పాస్‌పోర్టు ఎందుకన్నాడు. "ఉండనీ అని" అంది. రెండు పాస్‌పోర్టులూ ఒకే రోజు పోస్టులో వచ్చాయి.

తమ్ముడు ఆమె ఫోన్లో సాన్ పియేర్ మ్యాపు పెట్టి ఇచ్చాడు. వేళ్ళతో లాగితే వీధులు, ఇంకా లాగితే ఇళ్ళు. ఎవరెవరో తీసి పెట్టిన ఫోటోలు చూసింది. చెక్క ఇళ్ళు, ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు, ఒకదానికి నెమలి రంగు. "మన పట్టుకు రంగులేసే అద్దకపాయన్ను పిలిపించుకున్నట్టు ఉండారే" అంది మొగుడితో. మగ్గం స్తంభానికి ఫోన్ ఆనించుకొని, నాడె వేస్తూ వేస్తూ నమస్కారం, థ్యాంక్స్ లాంటి ఫ్రెంచి మాటలు విన్నది. నాడె పోతే బొంజూర్, నాడె వస్తే మెర్సీ. ఆ ఊళ్ళో ఆగస్టులో కూడా మనకు పుష్యమాసంలో ఉన్నంత చలి అని తెలుసుకుంది. తినేది ఎక్కువగా చేపలని తెలుసుకుంది. సంజీవప్పకు చేప వాసన గిట్టదు గనక రాగిపిండి, శెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ మూట కట్టాలని ఆ రోజే అనుకుంది.

సంజీవప్పకు ఈ హుషారు అంటలేదు. ఆయనకు విమానమంటే లోపల గుబులు, పైకి చెప్పడు. ప్రమోదను ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, హాల్లో మగ్గం గుంత తవ్వడానికి ఒప్పుకుంటారా అని. అది చెక్క నేల, దాని కింద రాయి, తవ్వనివ్వరు, విప్పి పెట్టెల్లో పంపే స్టాండు మగ్గం ఇస్తాం అని ఆమె చెప్పింది. మిగతావన్నీ ఆయన రామక్కకే వదిలేశాడు.

"ఇదో, ఇట్ల చూడు" అనేది ఆమె ఫోన్ ముందు పెట్టి. "నీ రూము ఇది. నువ్వు నేసే హాలు ఇది. సాయంత్రం హాల్లోనుంచి వచ్చేటప్పుడు సముద్రాన్ని కుడిపక్కన పెట్టుకొని నేరుగా రావల్ల. రొట్టెల అంగడి కాడ ఎడమకు తిరగల్ల. తిరగడం మరిచిపోతే ఓడరేవుకు పోతావు."

"నువ్వు ఫోన్లో చెప్తావులే."

"చెప్తా" అనేది. ఆమె వినాలనుకున్న మాట అది కాదు.

చలికోటు కోసం పెనుకొండ పోయింది. కూతురు మంజులతను అక్కడే ఇచ్చారు. అల్లుడు లారీ డ్రైవరు, ఆపిల్ లోడుకు కాశ్మీరు దాకా పోయొచ్చినవాడు, వాళ్ళింట్లో మందపాటి కోటు ఉంది. మంజులత కోటు దులిపి ఇస్తూ అడిగింది:

"నువ్వు పోవా అమ్మా?"

"నన్నెవరు పిలిచినారు?"

"నువ్వు లేకుండా నాయన యా చీర నేస్తాడు?"

"అదే నేనూ చూస్తాండా."

"చూసేదేముంది, నువ్వే అడగొచ్చు కదా."

"నేనడిగితే అడుక్కున్నట్టు అవుతాది" అంది రామక్క. "ఆయన చెప్తే ఉన్నమాట చెప్పినట్టు అవుతాది."

కోటు ఒకటే తెచ్చుకుంది. రెండోది కూడా ఉంది, అల్లుడిదే, కొంచెం చిన్నది. మంజులత తీసి చూపించింది కూడా. రామక్క దాన్ని చేత్తో తడిమి చూసి, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాలే అని పెట్టెలోనే పెట్టించింది.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక సాయంత్రం ప్రమోద ఫోన్ చేసింది. రామక్క వంటింట్లో సంగటి కెలుకుతూ స్పీకరులో వింటోంది. స్టాండు మగ్గానికి ఏ పడుగు ఎక్కించాలని ప్రమోద అడుగుతోంది. "వాళ్ళు వీడియోలో చూసింది కుట్టు అంచు. అదే పెడదామా సంజీవప్పగారూ?"

రామక్క కెలకడం ఆపింది. కుట్టు అంచు అన్నాడంటే రెండో మనిషి సంగతి చెప్పక తప్పదు. ఇదిగో, ఇప్పుడు చెప్తాడు అనుకుంది. కట్టె చేత్తో పట్టుకొని అట్లే నిలబడింది.

సంజీవప్ప అన్నాడు: "కుట్టు అంచు వద్దులే మేడం. సాదా అంచు పెడదాం. దానికి ఒక నాడె చాలు. నేనొక్కడ్నే ఏసుకుంటా."

"మీ ఇష్టం" అంది ప్రమోద. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఎవరు చెప్పారని.

ఆ పూట సంగటి గడ్డలు కట్టింది. సంజీవప్ప తలొంచుకొని తిన్నాడు. రామక్క ఎదురుగా కూర్చుంది.

"సాదా అంచు ఏమిటికి?" అని అడిగింది.

"ఇద్దరమంటే రద్దు చేస్తారేమోనని. అమరాపురం పక్క ఇంకొకాయన్ను చూసి పెట్టుకొని ఉండారంట." ముద్ద మింగి మళ్ళీ అన్నాడు: "ఇంకోటి, పెండ్లాన్ని ఎంటబెట్టుకొని పోతాడంట అని నలుగురు నవ్వరా?"

ఆ నలుగురూ ఎవరో, ఏ వీధిలో ఉంటారో ధర్మవరంలో ఇంతవరకూ ఎవరికీ కనబడలేదు. వాళ్ళకు జడవని మొగవాణ్ణి మాత్రం వెతికి తేవాలి. "నవ్వుతారులే" అని మాత్రం అని, రామక్క తన కంచం తీసుకొని లేచిపోయింది.

అంత జరిగాక ఇంకొకరైతే ఏర్పాట్లు వదిలేసి ఉందురు. రామక్క వదల్లేదు. స్టాండు మగ్గం వచ్చాక, కొత్త పడుగును ఒక్కో పోగూ పట్టుకొని, వేళ్ళకు బూడిద రాసుకొని మెలిపెట్టి అతికింది తనే. కోపంలో తెంపి పారేద్దామని ఒకసారి అనిపించింది కూడా. చేతులు ఒప్పుకోలేదు. రాగిపిండి మూట కట్టింది, కోటు మడత పెట్టింది, బీపీ మాత్రలు వేరే సంచిలో పెట్టి ఎప్పుడు ఏది వేసుకోవాలో నాలుగుసార్లు చెప్పింది. తన పాస్‌పోర్టును ట్రంకుపెట్టెలో పెళ్ళిచీర కింద పెట్టి మూత వేసింది. స్టేషనులో రైలు కదిలేటప్పుడు సంజీవప్ప కిటికీలోంచి ఏదో అనబోయాడు. ఆమె, "బెంగళూరులో దిగేటప్పుడు సంచి మరిచేవు" అంది. బెంగళూరు నుంచి ప్రమోద ఆయన వెంట ఉంటుంది.

ఆయన పోయాక ఇంట్లో మగ్గం ఆగింది. సగం నేసిన కుట్టు అంచు చీర దాని మీద అట్లే ఉంది. రామక్క ఒకరోజు పీట మీద కూర్చొని తన నాడె ఒక్కటే అటూ ఇటూ వేసి చూసింది. అంచు మాత్రం నేస్తే ఏమొస్తుంది, అది చీర కాదు. లేచి గుడ్డ కప్పింది.

సంజీవప్ప రోజూ ఫోన్ చేసేవాడు. ఇక్కడ దీపాలు పెట్టే వేళకు అక్కడ మధ్యాహ్నం. అన్నానికని హాల్లోనుంచి రూముకు పోతూ చేసేవాడు. జనం బాగా వస్తున్నారు, విమానంలో చెవులు మూసుకుపోయాయి, ఇంకా ఒక చెవి తెరుచుకోలేదు, రాగిపిండి చాలేటట్టు లేదు. ఆమె అడిగిందల్లా ఊరి సంగతులే. ఎర్ర ఇల్లు ఉందా, చర్చి గంట వినిపిస్తుందా, రొట్టెల అంగడామె ఎట్లా ఉంటుంది. ఆయన దేన్నీ సరిగా చూసి ఉండేవాడు కాదు.

ఒకనాడు పొద్దున ప్రమోద పంపిన వీడియో వచ్చింది. రామక్క వాకిట్లో కూర్చొని చూసింది. హాలు నిండా జనం. సంజీవప్ప అల్లుడి కోటు వేసుకొని స్టాండు మగ్గంలో కూర్చున్నాడు. వెనక గోడ మీద పాత వీడియో, ధర్మవరంలో తీసింది, పెద్దగా వేశారు. అందులో ఆ ఎర్ర గాజుల చెయ్యి వస్తోంది, పోతోంది. ముందు వరసలో కూర్చున్న తల నెరిసిన ఆడమనిషి ఒకామె లేచి, మగ్గాన్ని వదిలేసి గోడ దగ్గరికి పోయి, ఆ చెయ్యి మీద వేలు పెట్టి ఏదో అడిగింది.

"ఈ చెయ్యి ఎవరిదని అడుగుతున్నారు" అంది ప్రమోద.

సంజీవప్ప నాడె కింద పెట్టాడు. "అది మా ఇంటామెది. రామక్క. ఈ సాదా అంచయితే నేనొక్కడ్నే నేస్తాండా గానీ, ఆ గోడ మీద చీర నాకు ఒక్కనికి రాదు. సగం నేను, సగం ఆమె. ఆమె కూడా ఈడ ఉండాల్సింది."

ప్రమోద తల తిప్పి గోడ వైపు చూసింది. తర్వాత ఫ్రెంచిలో చెప్పింది. హాలంతా చప్పట్లు కొట్టారు. ఆ నెరిసిన తలామె గోడ మీది చేతినే చూస్తూ నిలబడింది.

మొదటిసారి చూసినప్పుడు రామక్క కళ్ళు తుడుచుకుంది. సంతోషమే. రెండోసారి చూసినప్పుడు సంతోషం సగమయింది. మూడోసారి చూసినప్పుడు కోపం వచ్చింది, అది సాయంత్రందాకా పోలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది.

"ఏమే, పొగమంచు కమ్మేసింది. ఎదురుగా గోడ ఉన్నా కనపడల్యా. ప్రమోద మేడం హాల్లోనే ఉండిపోయింది. యా పక్కకు పోవల్ల?"

రామక్క ఫోన్లో మ్యాపు తెరవలేదు. ఆమెకు అవసరం లేదు. "సముద్రం శబ్దం వినిపిస్తాండాదా?"

"వినిపిస్తాండాది."

"యా చెవికి?"

"కుడిచెవికి. అదొక్కటే పనిచేస్తాండాది."

"అది లెక్కలోకి రాదు. చెయ్యి చాపు, గాలి యా పక్కనుంచి కొడతాండాది?"

"కుడిపక్కే."

"అట్లయితే నేరుగా నడు. రొట్టె వాసన వచ్చిందాకా యాడా తిరగొద్దు."

ఆయన నడుస్తున్నాడు. బూట్ల చప్పుడు, ఊపిరి వినిపిస్తున్నాయి. ధర్మవరంలో ఆమె గుడ్డ కప్పిన మగ్గం పక్కన పీట మీద కూర్చొని ఉంది.

"వచ్చింది వాసన" అన్నాడు.

"ఆడ ఎడమకు. పసుపు ఇల్లు దాటినంక నీ తలుపు."

కొంచెం సేపయ్యాక తాళం తిప్పిన చప్పుడు వినిపించింది. "చేరినా" అన్నాడు. కోటు విప్పుకుంటున్నట్టుంది. "మేడం వీడియో పంపింది కదా. చూసినావా?"

"చూసినా."

"అందరూ చప్పట్లు కొట్టినారు నీకు."

"ఇనపడింది."

"చెప్పేసినా చూడు, ఉన్నమాట. అంతమంది ముందర."

రామక్క మగ్గం మీది గుడ్డను కొంచెం ఎత్తి, సగం చీరను చూసి, మళ్ళీ కప్పింది.

"ఆ మాట ఈడ చెప్పింటే" అంది, "ఇప్పుడు నీకు ఫోన్లో దోవ చెప్పే పని నాకుండేది కాదు. నీ పక్కన నడుస్తాంటి."